మోరీ లెక్క మాట్లాడకు తాతా!

ఆగస్టు 3, 2025. ఆదివారం. రాఖీ పున్నానికి ఇంకా ఆరు రోజులున్నా ముందే భాల్కిలో చెల్లెలింటికి చేరుకున్నాను. పొద్దుటినుంచీ ముసురు. హాల్లో చాపలు పరుచుకుని ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్నాం. పక్కింటివాళ్ళూ వచ్చి చేరారు. లండన్‌లో ఓవల్ మైదానం. ఇంగ్లండ్‌తో ఐదో టెస్టు, నాలుగో రోజు ఆట. వాళ్ళు గెలవాలంటే 374 కొట్టాలి. హ్యారీ బ్రూక్ అప్పటికి 19 పరుగుల మీద ఉన్నాడు. ప్రసిద్ధ్ కృష్ణ బంతిని గాల్లోకి లేపాడు. తాడు దగ్గర మహ్మద్ సిరాజ్ ఒడిసి పట్టాడు. ప్రసిద్ధ్ చేతులెత్తేశాడు. మా హాల్లోనూ చేతులు లేచాయి. పట్టిన ఊపులో సిరాజ్ ఒక్క అడుగు వెనక్కి వేశాడు. కాలు తాడు మీద పడింది. అవుట్ కావలసింది సిక్సరయింది. సిరాజ్ మొహం చేతుల్లో దాచుకున్నాడు.

హాల్లో ఒక్కసారిగా తిట్ల వాన మొదలైంది.

"తాడు తొక్కిండు! కాళ్ళకింద ఏముందో చూస్కోడా?"

"బెంగళూరోడు చెమటోడ్చి వికెట్ తీస్తే హైదరాబాదోడు నీళ్ళల్ల పోసిండు."

నేనూ ఊరుకోలేదు. "పెద్ద మ్యాచ్ వచ్చిందంటే ఇతనింతే. మొన్న లార్డ్స్‌లో కూడా ఆఖర్న అవుటయింది ఇతనే" అన్నాను.

గడప మీద కూర్చుని బూట్ల లేసులు విప్పుకుంటున్న పిల్ల తలెత్తింది. మా చెల్లెలి మనవరాలు. పద్నాలుగేళ్ళు. ఒక మోకాలికి ఎండిపోయిన పుండు, రెండో మోకాలికి పచ్చిది. పక్కన నాలుగు చక్రాల స్కేటింగ్ బూట్లు. నా మొహంలోకి సూటిగా చూసి అంది:

"మోరీ లెక్క మాట్లాడకు తాతా."

మోరీ ఎవరని అడిగాను. సమాధానం చెప్పడానికి ఆ పిల్లకు రాత్రి పదింటిదాకా పట్టింది. ఆ రాత్రి విన్నదీ, తరువాత నేను వెతికి చదువుకున్నదీ కలిపి రాస్తున్నదే ఈ కథనం.

రెండు ఊళ్ళ మనిషి

ముందు భాల్కి గురించి రెండు మాటలు. బీదరుకు నలభై కిలోమీటర్లుంటుంది. వికారాబాదు నుంచి పర్లి వెళ్ళే రైలు దారిలో స్టేషను. బజారులో ఒక దుకాణం ముందు నిలబడితే కన్నడం, మరాఠీ, ఉర్దూ, తెలుగు నాలుగూ చెవిన పడతాయి. 1948 దాకా నిజాం ఏలుబడి, 1956లో మైసూరు రాష్ట్రంలో కలిసింది. నిజాం కాలంలో కన్నడ చదువుకు చోటు లేని రోజుల్లో భాల్కి హిరేమఠం పెద్దలు చన్నబసవ పట్టద్దేవరు బయట ఉర్దూ బోర్డు పెట్టి లోపల కన్నడం చెప్పించారని ఇక్కడ ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. రాజధాని బెంగళూరే అయినా పెద్ద జబ్బు చేసినా, పెళ్ళి బట్టలు కొనాలన్నా మా చెల్లెలి కుటుంబం రైలెక్కేది హైదరాబాదుకే. అందుకే ఆ ఆదివారం హాల్లో తిట్లు రెండుగా చీలాయి. ప్రసిద్ధ్ కర్ణాటకవాడు కాబట్టి సగం మందికి సొంతం. సిరాజ్ "సిటీ"వాడు కాబట్టి మిగతా సగానికి సొంతం. సొంతవాణ్ణి మనం తిడితే ఫరవాలేదు, పక్కవాడు తిడితే మటుకు ఒళ్ళు మండుతుంది. అభిమానం గురించి ఏం మాట్లాడుకోవాలన్నా ఇక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.

ఎప్పుడూ పడేది ఎవరు?

ఇక మోరీ. యోషిరో మోరీ 2000లో జపాన్ ప్రధాని అయి ఏడాదిపాటు పదవిలో ఉన్న నాయకుడు. 2014 ఫిబ్రవరిలో రష్యాలోని సోచీలో శీతాకాల ఒలింపిక్స్ జరుగుతున్నప్పుడు టోక్యో ఒలింపిక్స్ నిర్వాహక సంఘానికి అధ్యక్షుడు కూడా. ఆ ఆటల్లో జపాన్ కళ్ళన్నీ మావో అసాడా అనే ఇరవై మూడేళ్ళ అమ్మాయి మీద ఉన్నాయి. ఫిగర్ స్కేటింగ్ ఆమె ఆట. మంచు మీద సంగీతానికి తగ్గట్టు జారుతూ, తిరుగుతూ, గాల్లోకి లేచి చుట్లు చుట్టి ఒంటికాలి మీద దిగాలి. పోటీ రెండు భాగాలు. మొదటిది చిన్నది, రెండోది పెద్దది. రెండిటి మార్కులూ కలుపుతారు.

అసాడాకు పేరు తెచ్చింది ట్రిపుల్ యాక్సెల్. మిగతా జంప్‌లన్నీ వెనక్కి జారుతూ లేచేవి. యాక్సెల్ ఒక్కటే ముందుకు చూస్తూ లేచేది, అందుకే మూడు చుట్ల మీద ఇంకో అర చుట్టు తిరగాలి. సెకను కూడా పట్టదు. 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో ఆమె రెండు భాగాల్లోనూ కలిపి మూడుసార్లు ఆ జంప్ దిగింది. అయినా కొరియా అమ్మాయి యునా కిమ్ చేతిలో బంగారం పోయి వెండి దక్కింది. సోచీలో ఆ లోటు తీరుతుందని దేశమంతా ఎదురుచూసింది.

ఫిబ్రవరి 19న మొదటి భాగంలో ఆ యాక్సెల్ దగ్గరే పడింది. తరువాతవీ కుదరలేదు. 55.51 మార్కులు, పదహారో స్థానం. మర్నాడు ఫుకువోకాలో ఒక సభలో మోరీ మాట్లాడుతూ, ముఖ్యమైన సమయం వచ్చేసరికి ఆ పిల్ల ఎప్పుడూ పడుతూనే ఉంటుందనే అర్థం వచ్చే మాట అన్నాడు.

నేను సిరాజ్ గురించి అన్నదీ సరిగ్గా అదే మాట.

జపాన్ భగ్గుమంది. అంతకుముందురోజు నిరాశతో నిట్టూర్చిన జనమే మర్నాడు ఆమెకు గోడలా అడ్డం నిలబడ్డారు. పదిమందిలో ఒక పెద్దమనిషి పిల్లను తక్కువ చేసి మాట్లాడితే, ఇంట్లో దెబ్బలాడుకున్న చుట్టాలు కూడా ఒక్కటవుతారు కదా, అలా. ఆ రాత్రి సోచీలో అసాడా మళ్ళీ మంచు మీదికి వచ్చింది. రక్మనినోవ్ రెండో పియానో కన్చెర్టో మొదలైంది. యాక్సెల్ దిగింది. ఆరు రకాల ట్రిపుల్ జంప్‌లనూ వేసింది, మొత్తం ఎనిమిది. చివర సంగీతం ఆగగానే తల వెనక్కి వాల్చి ఏడ్చేసింది. 142.71 మార్కులు. పదహారో స్థానం నుంచి ఆరో స్థానానికి వచ్చింది. పతకం రాలేదు.

మా పిల్ల ఆ వీడియో మూడుసార్లు చూపించింది. మూడోసారికి మా చెల్లెలు కూడా వంటగదిలోంచి వచ్చి తడి చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ నిలబడిపోయింది.

నన్ను ఎక్కువగా తాకింది తరువాత జరిగింది. ఊరికి తిరిగొచ్చాక, ఫిబ్రవరి 25న టోక్యోలో విదేశీ విలేకరుల ముందు ఆమెను మోరీ మాట గురించి అడిగారు. మనిషన్నాక తప్పు జరుగుతుంది, కావాలని ఎవరూ పడరు అన్నట్టు మాట్లాడింది. ఆ మాట అన్నందుకు ఆయనే ఇప్పుడు కాస్త చింతిస్తూ ఉండవచ్చునని చిరునవ్వుతో చెప్పింది. ఆమె తరఫున కోట్లమంది తిట్టిన తిట్లన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క నవ్వు ఒక ఎత్తు. మోరీ మటుకు మారలేదు. ఆడవాళ్ళుంటే సమావేశాలు సాగుతాయని అన్న మాటకు 2021 ఫిబ్రవరిలో ఒలింపిక్స్ పదవిలోంచే దిగిపోవలసి వచ్చింది.

అంతకు ముందుతరం కథ ఇంకా బాధాకరం. ఒలింపిక్స్‌లో ట్రిపుల్ యాక్సెల్ దిగిన మొదటి మహిళ మిదోరి ఇతో కూడా జపాన్ అమ్మాయే. 1992 ఆల్బర్ట్‌విల్‌లో ఆమె వెండి గెలిచింది. గెలిచి, బంగారం తేలేకపోయినందుకు దేశానికి క్షమాపణ చెప్పింది. ప్రపంచంలో రెండో స్థానంలో నిలిచిన మనిషి చేత క్షమాపణ చెప్పించే అభిమానం ఎంత బరువుగా ఉంటుందో ఆలోచించండి.

మార్కుల కాగితం చదివే పిల్ల

"ఆమె ఎన్నిసార్లు పడింది?" అని అడిగాను.

"పడింది అనకు తాతా. యాడ తగ్గిందో అడుగు."

తన నోటుపుస్తకం తెచ్చింది. రెండు వందల పేజీల గీతల పుస్తకం. ఎడమ వైపు జంప్ పేర్లు, కుడి వైపు అంకెలు, మధ్యలో ఎర్ర సిరాతో బాణం మొన లాంటి గుర్తులు. ఒలింపిక్స్‌లో ప్రతి స్కేటర్‌కూ ఇలాంటి కాగితం బయటపెడతారట. ఆ గుర్తుంటే చుట్టు పూర్తి కాలేదని అర్థం. పావు చుట్టుకు మించి తగ్గితే విలువ కోస్తారు. అర చుట్టు తగ్గితే మూడు చుట్ల జంప్‌ను రెండు చుట్లదిగా లెక్కగడతారు. కంటికి అందనంత చిన్న తేడా. వీడియోను నెమ్మదిగా తిప్పి చూసి ఆ సంగతి తేల్చే బృందం ఒకటి, ఎంత అందంగా చేశారని మార్కులు వేసే తొమ్మిది మంది న్యాయనిర్ణేతలు ఇంకోవైపు.

అసాడా కాగితం చూపించినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. ఆ పిల్ల దేవతలా కొలిచే ప్రదర్శనలోనూ అక్కడక్కడ కోత గుర్తులున్నాయి. వాటిని దాచలేదు. ఒక్కొక్కటే వేలు పెట్టి చూపించింది. "ఇక్కడ తగ్గింది. ఇక్కడ పాదం అంచు తప్పింది. అయినా ఆ రాత్రి రెండో భాగంలో మొత్తం మీద మూడో మార్కు ఆమెదే" అంది. నాకు తెలిసిన అభిమానుల్లో తన దేవుడి తప్పులు ఇలా లెక్కగట్టి చెప్పినవాళ్ళు చాలా తక్కువ.

ఈ ఆటలో అభిమానుల కోపం అంత తీవ్రంగా ఉండటానికి కారణం ఆ కాగితంలోనే ఉంది. క్రికెట్‌లో వికెట్ పడితే పడినట్టే. పరుగు పందెంలో గీత దాటితే దాటినట్టే. ఇక్కడ సగం ఫలితం మనుషుల కంట్లో ఉంటుంది. కంట్లో ఉన్నదాన్ని ఎవరైనా అనుమానించవచ్చు. 2002లో సాల్ట్‌లేక్ సిటీలో ఆ అనుమానమే నిజమైంది. జంటల పోటీలో రష్యా వాళ్ళకు బంగారం ఇచ్చాక, తన మీద ఒత్తిడి తెచ్చారని ఫ్రాన్స్ న్యాయనిర్ణేత చెప్పింది. కెనడా జంట జేమీ సాలే, డేవిడ్ పెల్టియేలకూ రెండో బంగారు పతకం ఇవ్వవలసి వచ్చింది. ఆ దెబ్బతో ఏళ్ళ తరబడి ఉన్న ఆరు మార్కుల పద్ధతి పోయి, 2004లో ఇప్పటి అంకెల పద్ధతి వచ్చింది.

అంకెలొస్తే గొడవ తగ్గుతుందనుకున్నారు. తగ్గలేదు. అసాడా ఏడ్చిన ఆ రాత్రే సోచీలో రష్యా అమ్మాయి అదెలినా సొత్నికోవా 224.59తో బంగారం, యునా కిమ్ 219.11తో వెండి గెలిచారు. సొత్నికోవా ఒక జంప్ దిగేటప్పుడు తడబడింది, కిమ్ తడబడలేదు. కానీ రష్యా అమ్మాయి జంప్‌ల విలువ ఎక్కువ. న్యాయనిర్ణేతల్లో ఒకరు రష్యా స్కేటింగ్ సంఘం పెద్ద భార్య. ఇంకొకరు 1998 నాటి మార్కుల వ్యవహారంలో ఏడాది నిషేధం పడిన మనిషి. కొరియా కుతకుతలాడింది. విచారణ జరపాలని పెట్టిన విన్నపం మీద కొద్దిరోజుల్లోనే పదిహేను లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. కొరియా ఒలింపిక్ సంఘం ఫిర్యాదు చేసింది. అంతర్జాతీయ స్కేటింగ్ సంఘం దాన్ని తోసిపుచ్చింది.

ఆ సంతకాల్లో సగం కోపమే కావచ్చు. మిగతా సగంలో నిజమైన ప్రశ్న ఉంది. ఏ న్యాయనిర్ణేత ఎన్ని మార్కులు వేశారో అప్పట్లో పేరు చెప్పేవారు కాదు. ఆ పద్ధతిని 2016లో తీసేశారు. మార్కు పక్కన పేరు ఉండాలని అడగడం న్యాయం. ఇలా అడిగినప్పుడు అభిమాని ఆటకు మేలు చేసినవాడవుతాడు. ఓడిన కిమ్ మాత్రం ఆ గొడవలోకి దిగలేదు. చేయగలిగింది చేశానని చెప్పి ఆట విరమించుకుంది. గెలిచిన సొత్నికోవాకు పదిహేడేళ్ళు. మార్కులు వేసింది ఆమె కాదు, అయినా తిట్లలో పెద్ద వాటా ఆమెకే వెళ్ళింది. అది మాత్రం నేను ఏ లెక్కనా సమర్థించలేను.

అభిమానం ఊపిరాడనివ్వకపోతే

తిట్లు ఎంతదూరం వెళ్తాయో చూపడానికి ఇంకో అమ్మాయి కథ చాలు. జూ యీ లాస్ ఏంజెలిస్‌లో పుట్టింది. అమెరికా పౌరసత్వం వదులుకుని చైనా తరఫున ఆడింది. 2022 ఫిబ్రవరి 6న బీజింగ్ ఒలింపిక్స్‌లో, సొంత జనం ముందు పడింది. పందొమ్మిదేళ్ళ పిల్ల. 'జూ యీ పడిపోయింది' అన్న మాట చైనా సామాజిక మాధ్యమాల్లో కొన్ని గంటల్లోనే ఇరవై కోట్లసార్లు చూశారు. చైనీస్ సరిగ్గా రాదన్నారు, ఇంకెవరి చోటో లాక్కుందన్నారు. చివరికి ఆ చర్చనే తొలగించవలసి వచ్చింది. మర్నాడు ఆమె మళ్ళీ మంచు మీదికి వచ్చి, మళ్ళీ పడి, ఏడుస్తూనే ప్రదర్శన పూర్తి చేసింది.

ఆమెను తిట్టినవాళ్ళు తమను తాము అభిమానులుగానే అనుకుని ఉంటారు. దేశం మీద అభిమానం, ఆట మీద అభిమానం. జంప్ ఎక్కడ తగ్గిందని వాళ్ళలో ఎందరు అడిగారు?

దీనికి రెండో ముఖం యుజురు హన్యూ. 2014, 2018 ఒలింపిక్స్‌లో వరసగా బంగారం గెలిచిన జపాన్ కుర్రాడు. అతని ప్రదర్శన అయిపోగానే ప్రేక్షకులు విన్నీ ది పూ ఎలుగుబంటి బొమ్మలు విసిరేవారు. మంచు కనబడకుండా పసుపు రంగు బొమ్మల వాన. వాటిని ఏరడానికే చిన్నపిల్లల బృందం ఉండేది. అతన్ని ఎవరైనా ఒక మాటంటే లక్షల గొంతులు లేచేవి. 2023 ఆగస్టులో పెళ్ళి చేసుకున్నానని చెప్పాడు. నవంబరులో విడిపోయామని చెప్పాడు. తననూ తన భార్యనూ వెంటాడుతున్నారని, దూషిస్తున్నారని, గడప దాటి బయటికి రాలేని స్థితి వచ్చిందని రాశాడు. ఆమె సుఖంగా ఉండాలనే ఈ నిర్ణయమన్నాడు. ఆ ప్రకటన చదివాక బొమ్మల వాన వీడియో మునుపటి కళ్ళతో చూడలేకపోయాను.

మా పిల్ల గదిలో హన్యూ బొమ్మ అంటించి ఉంది. ఈ కథ ఆమెకు తెలుసు. "గందుకే నేను ఆయన ఇంటి ముచ్చట సూడ, ఆయన జంపులే సూస్త" అంది.

మన ఇంట్లో మోరీలు

జపాన్, చైనాల సంగతి చదివి నిట్టూర్చడం తేలిక. మన ఇంటికొద్దాం.

2016 ఆగస్టు 19న రియో ఒలింపిక్స్ బ్యాడ్మింటన్‌లో పి.వి. సింధు వెండి గెలిచింది. తెలుగు రాష్ట్రాల్లో ఆ పూట జనం ఇంటర్నెట్‌లో ఎగబడి వెతికింది ఆమె కులం గురించి. ఈ వార్త వచ్చినప్పుడు నేను పత్రికాఫీసులో ఉన్నాను, సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఆ తరువాత మొదలైంది ఇంకో పాట. 2017 గ్లాస్గో ప్రపంచ పోటీల్లో నొజోమి ఒకుహరాతో 110 నిమిషాలు పోరాడి ఫైనల్ ఓడింది. 2018లో కామన్వెల్త్ ఫైనల్ సైనా చేతిలో, ప్రపంచ ఫైనల్ కరోలినా మారిన్ చేతిలో, ఏషియాడ్ ఫైనల్ తై జూయింగ్ చేతిలో. 'ఫైనల్ వస్తే సింధు ఇంతే' అన్నది ఇంటింటి మాటయింది. ఇదీ మోరీ మాటే. ప్రపంచంలోని అందరినీ దాటి ఆఖరి ఆటకు చేరడమే గొప్పని ఒప్పుకోనివాడికి ఓటమి ఒక్కటే కనబడుతుంది. అదే సమయంలో సింధు అభిమానులు సైనాను, సైనా అభిమానులు సింధును నానా మాటలన్నారు. ఇద్దరూ హైదరాబాదులో ఒకే గురువు దగ్గర ఎదిగినవాళ్ళు.

2019 ఆగస్టు 25న బాసెల్‌లో అదే ఒకుహరా మీద 21-7, 21-7. ప్రపంచ విజేత. తనను పదే పదే ప్రశ్నించినవాళ్ళకు తన రాకెట్టుతో ఇదే జవాబని సింధు ఆ రోజు చెప్పింది. ఆ పతకాన్ని పుట్టినరోజు జరుపుకుంటున్న అమ్మకు అంకితమిచ్చింది.

అయితే సింధు ఆట మీద వచ్చిన ప్రతి విమర్శా మోరీ మాట కాదు. నెట్ దగ్గర ఇంకా పదును కావాలని, ఆధిక్యం వచ్చాక పట్టు సడలుతోందని రాసినవాళ్ళున్నారు. అది యాడ తగ్గిందో చెప్పే మాట. అలాంటి మాట రాసినవాళ్ళనూ అభిమానులు చీల్చి చెండాడారు. సానియా మీర్జా విషయంలోనైతే ఆట ఊసే లేదు. 2014 జులైలో తెలంగాణ బ్రాండ్ అంబాసిడర్‌గా ఆమెను ప్రకటించినప్పుడు ఒక నాయకుడు పాకిస్థాన్ కోడలన్నాడు. నేను భారతీయురాలిని, చచ్చేదాకా భారతీయురాలిగానే ఉంటానని ఆమె చెప్పుకోవలసి వచ్చింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌కు టెన్నిస్ డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్.

సిరాజ్ కథకొస్తే, తండ్రి మహ్మద్ గౌస్ హైదరాబాదులో ఆటో నడిపి కొడుకును క్రికెటర్ని చేశాడు. 2019 ఐపీఎల్‌లో ఒక మ్యాచ్‌లో బాగా దెబ్బతిన్నాక, క్రికెట్ మానేసి వెళ్ళి మీ నాన్నతో ఆటో నడుపుకో అన్నారట జనం. ఈ సంగతి సిరాజే తరువాత ఒక ముఖాముఖిలో చెప్పాడు. ఎవరి మాటా పట్టించుకోవద్దని, బాగా ఆడిన రోజు పొగిడేవాళ్ళే ఆడని రోజు తిడతారని ధోనీ తనకు చెప్పిన సలహాను కూడా. 2020 నవంబరులో అతను ఆస్ట్రేలియాలో ఉండగా తండ్రి పోయాడు. ఇంటికి రాలేదు. సిడ్నీలో ప్రేక్షకుల దూషణ భరించాడు. బ్రిస్బేన్‌లో ఐదు వికెట్లు తీశాడు.

ఆటో నడుపుకో అనడంలో ఆట గురించి ఒక్క ముక్క లేదు. ఆటో నడిపి పిల్లల్ని పెంచే తండ్రులందరి మీదా ఉమ్మిన మాట అది. ఇలాంటి మాటకు అభిమానులు ఎదురు తిరగాలి. ఎంత గట్టిగా తిరిగినా తక్కువే. బంతి దారి తప్పిందంటే మటుకు వినాలి.

తిట్టు కూడా దక్కనివాళ్ళు మన దగ్గర ఉన్నారు. చక్రాల బూట్లతో ఫిగర్ స్కేటింగ్ చేసిన హైదరాబాదీ అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఏషియాడ్‌లో రెండు కాంస్య పతకాలు తెచ్చాడు, ఒకటి విడిగా, ఒకటి అవనీ పంచాల్‌తో జంటగా. 2015లో అర్జున అవార్డు వచ్చింది. మా పిల్ల చక్రాల బూట్లలో చేసేది ఈ ఆటే. ఆ పతకాలు వచ్చినప్పుడు మా ఇంట్లో ఏ హాల్లోనూ చాపలు పరవలేదు. అనూప్ జంప్ ఎక్కడ తగ్గిందని వాదించిన మనిషి నాకు ఒక్కరూ తగల్లేదు. ఎందుకంటే చూసినవాళ్ళే లేరు. విమర్శ రావాలన్నా ముందు ఒక జత కళ్ళు కావాలి.

సోమవారం

ఆగస్టు 4. బస్టాండు దగ్గర హోటల్లో మిర్చి బజ్జీల వాసన, గోడకు ఆనించి పెట్టిన ఒక ఫోను, దాని చుట్టూ ఇరవై తలలు. ఇంగ్లండ్‌కు ఇంకా 35 పరుగులే కావాలి, చేతిలో నాలుగు వికెట్లు. నిన్న తాడు మీద బతికిపోయిన బ్రూక్ 111 కొట్టి వెళ్ళాడు. సిరాజ్ ముందు స్మిత్‌ను, తరువాత ఓవర్టన్‌ను పడగొట్టాడు. ఇంకొకణ్ణి ప్రసిద్ధ్ పడగొట్టాడు. చేతికి కట్టుతో క్రిస్ వోక్స్ వచ్చాడు. ఏడు పరుగులు కావాలి. సిరాజ్ యార్కర్. అట్కిన్సన్ స్టంపులు ఎగిరాయి. భారత్ ఆరు పరుగులతో గెలిచింది, సిరీస్ 2-2.

హోటల్లో బల్లలు అదిరాయి. నిన్న హాల్లో నీళ్ళల్ల పోసిండన్న మా మేనల్లుడు నా భుజాలు పట్టి ఊపేశాడు. "మియా భాయ్ మనోడు మామా!" అన్నాడు. నిన్నటి మాట అతనికి గుర్తు లేదు. నాకు నా మాట గుర్తుంది. ఆ పొద్దున లేవగానే రొనాల్డో బొమ్మ మీద 'బిలీవ్' అని రాసి ఉన్న చిత్రం వెతికి ఫోన్‌లో పెట్టుకున్నానని సిరాజ్ ఆట తరువాత చెప్పాడు. ఐదు టెస్టుల్లో 185.3 ఓవర్లు వేశాడు. వెయ్యి బంతులు దాటాయి. 23 వికెట్లు. మన ఫాస్ట్ బౌలర్లలో ఐదు మ్యాచులూ ఆడింది అతనొక్కడే. ఆదివారం తాడు దగ్గర నిలబడ్డ కాళ్ళు అన్ని ఓవర్లు మోసిన కాళ్ళని నేను ఆ క్షణంలో ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే క్యాచ్ తప్పిందనే అనేవాణ్ణి, అది నిజం కూడా. 'ఇతనింతే' అనేవాణ్ణి కాదు.

ఇంటికి వెళ్ళేసరికి పిల్ల బడి నుంచి వచ్చేసింది. వాన వెలిసింది. మేడ మీద తడి సిమెంటును పాత చీరతో తుడుస్తోంది. సిరాజ్ గెలిపించిండని చెప్తే తల ఊపి, లేసులు బిగించుకుంది. చక్రాలు సిమెంటు మీద గరగరమన్నాయి. రెండు చుట్లు వేగం అందుకుని, ముందుకు తిరిగి, లేచింది. మూడున్నర కాదు, ఒకటిన్నర చుట్టు. దిగేటప్పుడు ఒరిగి నేలమీద కూలబడింది. పచ్చి పుండు మీదే. నా నోట్లోంచి "అయ్యో, ప..." అని వచ్చిన మాట మింగేశాను.

"యాడ తగ్గింది?" అని అడిగాను.

మోకాలు దులుపుకుంటూ గాల్లో చేత్తో చుట్టు గీసి చూపించింది. ఎడమ భుజం ముందే తెరుచుకుందట. అరచేయి వెడల్పంత తేడా. మళ్ళీ వెళ్ళి గోడ దగ్గర నిలబడింది.

మీ ఊళ్ళోనూ ఇలాంటి పిల్ల ఒకరు ఉంటారు. మేడ మీదో, బడి ఆవరణలోనో, పొద్దుగూకే వేళ సిమెంటు నేల మీద ఒంటరిగా తిరుగుతూ ఉంటారు. ఒక సాయంత్రం వెళ్ళి చూడండి. పడితే ఎక్కడ తగ్గిందని అడగండి. తను చెబుతుంది.